బోటు పోయి బూటు వచ్చె

"లైఫ్ బోటు పోయింది!"

ఫోన్లో బెరిత్ పెట్టిన కేక ఇది. కేక పెట్టడం ఆమె తప్పు కాదు. వసంతం వచ్చి కొండమీద మంచు కరగడం మొదలైందంటే, స్కార్విక్ అనే ఆ ఊళ్లో ముందు జలపాతం మాట్లాడాలి, అది మిగిల్చిన సందులో మనుషులు మాట్లాడుకోవాలి. హాల్దిస్ చెవిలో పడింది ఆ మూడు మాటలే. జనాన్ని దాటించే ఫెర్రీ మీది ప్రాణరక్షణ పడవ పోయిందంటే ఫెర్రీ ఏమైనట్టు? అందులో జనం ఏమైనట్టు? చేతిలో రొట్టెముక్క చేతిలోనే ఉండగా ఆమె రేవుకు పరుగెత్తింది.

బెరిత్ ఆ కేక మొదట పట్నంలో పోలీసులకు పెట్టింది. అరగంటకు ఊపిరి తీసుకున్నాక, తన కొట్టు పైగదిలోనే ఒక డిటెక్టివ్ అద్దెకుంటోందన్న సంగతి జ్ఞాపకం వచ్చి హాల్దిస్‌కు పెట్టింది. అందుకే హాల్దిస్ రేవుకు చేరేసరికి నీళ్లు చీల్చుకుంటూ ఓ లాంచీ వచ్చేసింది. అందులోంచి ముగ్గురు గజ ఈతగాళ్లు, బోలెడన్ని దుప్పట్లు, ఒక స్ట్రెచరు, అన్నిటికీ ఆఖర్న ఇన్‌స్పెక్టర్ విగ్గో దిగారు.

విగ్గోది కాకి అసూయపడేంత నల్లజుట్టు. రిటైరయ్యే వయసులో అంత జుట్టు అసలో, విగ్గో, జిల్లాలో ఎవరూ తేల్చలేకపోయారు.

"శవాలెక్కడ?" అన్నాడు విగ్గో, టోపీ సర్దుకుంటూ.

రేవులో ఫెర్రీ నిక్షేపంలా ఉంది. దానికి రెండువైపులా నారింజరంగు ప్రాణరక్షణ పడవలు రెండు చెవుల్లా వేలాడుతున్నాయి.

"శవాలేంటి శవాలు!" అంది బెరిత్. "లైఫ్ బోటు పోయిందన్నాను గానీ!"

"అవిగో, రెండూ ఉన్నాయిగా!"

"అవి కావయ్యా బాబూ. లైఫ్! మన లైఫ్ ముసలాయన! ఆయన బోటు!"

జనంలోంచి ఓ పొడుగాటి ముసలాయన ముందుకొచ్చాడు. "నేనే లైఫ్‌ని. ఇంకా పోలేదు. పోయింది నా బోటు."

ఈతగాళ్లు ముగ్గురూ అటు తిరిగి నవ్వుకున్నారు. విగ్గో తిరగలేదు, నవ్వలేదు. ఇంత సరంజామాతో వచ్చి ఉత్త చేతులతో వెనక్కి పోతే పట్నంలో తన పరువు ఏ రేవు చేరుతుందో ఆయనకు తెలుసు. "బోటు దొంగతనమా? సరే. దొంగను తీసుకునే వెళ్తాను" అన్నాడు.

హాల్దిస్‌కు ఆ మాట నచ్చలేదు. రెండేళ్ల కిందటి దాకా ఆ ఊరికి ఆమే లెన్స్‌మన్, అంటే పోలీసు అధికారి. చేతిలో లెన్సు ఉండేది కాదు, మనిషి మగాడూ కాదు, అయినా ఇరవై ఏళ్లు లెన్స్‌మన్‌గా నెగ్గుకొచ్చింది. ఊళ్లో ఠాణా ఎత్తేసి అధికారమంతా పట్నంలో విగ్గోకి కట్టబెట్టారు. కుర్చీ పోయింది గానీ ఆమె కుతూహలం పోలేదు.

"హాల్దిస్ గారూ, మీరు ఇంటికెళ్లి రొట్టె తినండి. ఇది పోలీసు వ్యవహారం."

"తింటూనే చూస్తాను లెండి ఇన్‌స్పెక్టర్ గారూ. నాకు రెండు పనులూ ఒకేసారి వచ్చు."

లైఫ్ ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. "అమ్మాయ్, రేపే సున్నివ పెళ్లి. మా ఇంట్లో పెళ్లికూతురు ఆ బోటెక్కే అవతలి ఒడ్డున చర్చికి పోవాలి, పెళ్లికొడుకే తెడ్డు వెయ్యాలి. మా తాత కట్టిన బోటమ్మా. మా అమ్మ ఎక్కింది, నా భార్య ఎక్కింది. అది లేకుండా నా మనవరాల్ని ఎలా పంపను?"

పడవల కొట్టం నీళ్లవారనే ఉంది. తలుపు బార్లా తీసి లేదు, శుభ్రంగా మూసి గొళ్లెం పెట్టి ఉంది.

"తాళం వెయ్యరా?" అన్నాడు విగ్గో.

"తాళం ఉంది. తాళంచెవి మా తాత హయాంలో నీళ్లలో పడింది. అది దొరికాక వేద్దామని" అన్నాడు లైఫ్.

కొట్టం ముందు మంచు కరిగిన బురద. ఆ బురదలో గుమ్మం నుంచి నీళ్లదాకా బూటు అడుగులు. వెళ్లినవి, వెనక్కి వచ్చినవి, ఆఖర్న మళ్లీ వెళ్లినవి. ఊరంతా వేసుకునేది ఆకుపచ్చ రబ్బరు బూట్లే, ఎందుకంటే బెరిత్ తన కొట్లోకి తెప్పించేది ఆ ఒక్క రకమే. మామూలుగా అయితే ఈ అడుగు ఫలానావాడిదని బ్రహ్మ కూడా చెప్పలేడు. కానీ ఈ అడుగుల్లో ఎడమ మడమ దగ్గర కత్తెర నోరు తెరిచినట్టు ఒక చీలిక ఉంది.

"అయ్యో, ఇది షూర్ బూటు కదా!" అంది బెరిత్. "ఫెర్రీ గొలుసు కింద పడి చీలింది. కొత్తవి కొనుక్కోరా అంటే పెళ్లయ్యాక చూద్దాం అన్నాడు..." అని, అన్నాక నోరు మూసుకుంది. మూసుకున్నా లాభం లేదు, అన్నది విగ్గో చెవికి చేరిపోయింది.

"ఎవరా షూర్?"

ఎవరేమిటి, పెళ్లికొడుకే. ఫెర్రీ మీద తాళ్లు లాగే కుర్రాడు. చేతులు తెడ్లంత ఉంటాయి గానీ తెడ్డు పట్టడం మాత్రం రాదు. ఇంజను ఉన్న ఓడ అయితే తుపానులో కూడా ఈల వేస్తాడు, చిన్న పడవ చూస్తే మాత్రం ఒడ్డు వదలడు. పేరు షూర్ అయినా నీళ్ల దగ్గర శూరుడు కాడు. ఈ సంగతి ఊళ్లో పిల్లి పిల్లలకు కూడా తెలుసు.

విగ్గో ముఖం వెలిగింది. "ఇంకేం! బోటుంటే రేపు అందరిముందూ తెడ్డు వెయ్యాలి, పరువు పోతుంది. బోటు లేకపోతే ఫెర్రీలో హాయిగా పోవచ్చు. కారణం దొరికింది, అడుగూ దొరికింది."

"తెడ్డు రానివాడు బోటు ఎలా తీసుకుపోయాడు?" అంది హాల్దిస్.

"నీళ్లలోకి తోసేశాడు. మిగతాది అలలు చూసుకున్నాయి."

హాల్దిస్ కొట్టంలోకి తొంగిచూసింది. పడవను నీళ్లలోకి జార్చే దుంగలు గోడవార వరసగా పేర్చి ఉన్నాయి, చేపనూనె రాసినవైపు పైకి తిప్పి. "లైఫ్ బాబాయ్, ఈ దుంగలు నువ్వు పేర్చావా?"

"లేదమ్మా. పొద్దున వచ్చేసరికే ఇలా ఉన్నాయి. నేను కూడా ఇంత బాగా పేర్చను."

"చూశారా ఇన్‌స్పెక్టర్ గారూ? దొంగ బోటును జార్చాడు, దుంగలు వెనక్కి తెచ్చి సర్దాడు, గొళ్లెం పెట్టాడు, అప్పుడు బోటెక్కాడు. పడవంటే భయపడేవాడికి ఈ మర్యాదలన్నీ ఎవరు నేర్పారు?"

"శుభ్రమైన దొంగ. మా పట్నంలోనూ ఉంటారు" అని కొట్టేశాడు విగ్గో. "ఈతగాళ్లు తినడం కాగానే లాంచీ బయలుదేరుతుంది. ఆ కుర్రాణ్ణి పిలవండి."

ఈతగాళ్లు అప్పటికే బెరిత్ కొట్టు ముందు బల్లకు అతుక్కుపోయి, హృదయాకారపు వాఫిల్ అట్ల మీద బెల్లంరంగు మేకచీజు పరుచుకుని లాగిస్తున్నారు. హాల్దిస్ బెరిత్‌ను పక్కకు లాగింది. "పిండి ఎంతుంది?"

"గిన్నెలో అడుగున కాస్త."

"మీ అమ్మాయిని ఇంకో గిన్నెడు కలపమను. ఆ ముగ్గురి నోళ్లు ఆడినంతసేపే షూర్ మన ఊళ్లో ఉంటాడు."

"ఒక గిన్నె ఏమిటక్కా, పెళ్లికి తెచ్చిన పిండంతా కలిపిస్తాను!"

విచారణ లైఫ్ వంటింట్లో జరిగింది. గుమ్మం లోపలి నడవలో అందరూ బూట్లు విప్పారు. ఈ దేశంలో పోలీసైనా సరే, దొంగైనా సరే, బూటుతో గడప దాటితే మనిషి కాదు. కాబట్టి సాక్షులంతా సాక్సుల్లోనే కూర్చున్నారు. విగ్గో సాక్సుకున్న చిల్లులోంచి బొటనవేలు కూడా బయటికొచ్చి విచారణ గమనిస్తోంది.

"రాత్రి ఎక్కడున్నావ్?"

"ఇక్కడేనండీ" అన్నాడు షూర్. "పెళ్లికి ముందు కాఫీ విందు కదా, ఊరంతా వచ్చింది. అందరూ పోయాక కప్పులు కడిగి అందరికంటే ఆఖర్న వెళ్లాను. తాతగారి దగ్గర కాస్త మంచి పేరు వస్తుందని."

"రెండు కప్పులు పగలగొట్టాడు" అన్నాడు లైఫ్.

"ఎడమ బూటు మడమ చీలింది నీదేనా?"

"నాదేనండీ."

"ఒప్పుకున్నాడు!" విగ్గో బల్ల గుద్దాడు.

"ఏం ఒప్పుకున్నాడు? బూటు చిరిగిందని ఒప్పుకున్నాడు!" అని సున్నివ పొయ్యి దగ్గర్నుంచి గరిట పట్టుకునే వచ్చింది. "ఇన్‌స్పెక్టర్ గారూ, రేపు మధ్యాహ్నం ఇతను చర్చిలో నా పక్కన నిలబడాలి. మీ లాంచీ ఎక్కాడంటే, పెళ్లికూతురి బట్టల్లోనే పట్నమొచ్చి మీ ఠాణాలో కూర్చుంటాను, చెబుతున్నా."

"నువ్వు కూర్చో సున్నివా" అన్నాడు షూర్ చిన్నగా. "నాకూ కూర్చోవాలనే ఉంది. రాత్రి నుంచి ఒకటే కాళ్ల నొప్పులు. బూట్లు పట్టడం లేదు. పెళ్లంటే భయంతో పాదాలు వాచాయనుకుంటా."

"పాపం చేసినవాడికి వాస్తాయి" అన్నాడు విగ్గో.

కాఫీ పోసుకుంటున్న హాల్దిస్ చెయ్యి ఆగిపోయింది. "భయం కాళ్లకే పట్టిందా? చేతులకు పట్టలేదా? నీ చేతి తొడుగులు సరిపోతున్నాయా?"

షూర్ తొడుక్కుని చూశాడు. "సరిపోయాయి."

"టోపీ?"

"అదీ సరిపోయింది."

హాల్దిస్ కప్పు కింద పెట్టి నడవలోకి నడిచింది. గోడవార వరసగా బూట్లు, అన్నీ ఆకుపచ్చే, విగ్గోవి తప్ప. "షూర్, నువ్వు విప్పినవి ఏవి?"

"ఆ చివరి జతండీ."

ఆమె ఎడమ బూటు ఎత్తి మడమ అందరికీ చూపించింది. మడమ అరిగి ఉంది. చీలిక మాత్రం లేదు, చిన్న గీత కూడా లేదు.

వంటింట్లో అందరూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. దొంగ బూటు కోసం పొద్దుటి నుంచి గొంతు చించుకున్న ఇన్‌స్పెక్టరుగారు ఆ బూటు ఒక్కసారైనా తిరగేసి చూడలేదు. గుమ్మంలో విప్పిన బూటును మనసులోంచి కూడా విప్పేయడం ఆయనకు కూడా పుట్టుకతో వచ్చిన అలవాటే మరి.

"కొత్తవి కొని మార్చేశాడు!" అన్నాడు విగ్గో.

"నేను అమ్మందే ఎక్కడ కొన్నాడు? పైగా ఇది నాలుగేళ్ల పాత సరుకు" అంది బెరిత్.

హాల్దిస్ బూటు లోపలికి తలపెట్టి గట్టిగా వాసన పీల్చింది. చూసేవాళ్లకు కళ్లు తిరిగాయి. ఆమెకు మాత్రం తెరుచుకున్నాయి. వేళ్లు పెట్టి లోపలినుంచి సన్నటి దేవదారు చెక్కపొట్టు తీసింది. "తారు వాసన! షూర్, నీ పాదాలు వాచలేదు. బూట్లు తారుమారయ్యాయి. ఎవరిదో చిన్న జత వేసుకుని తిరుగుతున్నావ్. నీ జత వేసుకున్నవాడెవడో వాడే పడవ దగ్గరికి వెళ్లాడు. లైఫ్ బాబాయ్, రాత్రి కాఫీ మధ్యలో లేచి వెళ్లిందెవరు?"

"ఎవరూ వెళ్లలేదే."

"అందరూ వచ్చారా?"

"అందరూ వచ్చారు. ఎంబ్రిక్ రాలేదు."

"రాకపోవడమేమిటి!" అంది బెరిత్. "నీ పక్కనే కూర్చున్నాడు. ఒక కప్పు తాగి, మొదటి కేకు కొయ్యకముందే లేచిపోయాడు."

"నాకు కనబడలేదు" అన్నాడు లైఫ్, కిటికీలోకి చూస్తూ.

ఎంబ్రిక్ పడవలు కట్టేవాడు. లైఫ్‌కీ అతనికీ ఎనిమిదేళ్లుగా మాటల్లేవు. ఎందుకో ఎవరికీ తెలియదు. కంచె దగ్గర గొడవని కొందరు, గొర్రెపోతు గొడవని కొందరు. అయినా పిలుపు వచ్చాక కాఫీకి పోకపోతే అది వేరే గొడవవుతుంది. అందుకని వస్తాడు, పక్కనే కూర్చుంటాడు, మాట్లాడకుండా తాగి పోతాడు. ఈయనేమో మాట్లాడకుండా పోయించి, అతను రాలేదంటాడు.

ఎంబ్రిక్ షెడ్డు వాగు అవతల, కొండ నీడలో. హాల్దిస్ ముందు, వెనక విగ్గో, లైఫ్, బెరిత్, సున్నివ చెయ్యి పట్టుకుని కుంటుతూ షూర్, ఆ వెనక వాఫిళ్లు నములుతూ ఈతగాళ్లు, వాళ్ల వెనక ఊరు. పెళ్లి ఊరేగింపు ఒకరోజు ముందే బయలుదేరినట్టుంది.

తలుపు తీసేసరికి బోటు కనబడింది. బోర్లా పడుకోబెట్టి ఉంది. పక్కన తారు కుండ. అడుగున ఒక పలక కొత్తది, తెల్లగా మెరుస్తోంది. పొట్టిగా, బక్కగా ఉన్న ఎంబ్రిక్ సుత్తితో వంగి ఉన్నాడు. వంగినవాడి ఎడమ మడమ అందరివైపూ తిరిగి ఉంది, కత్తెర నోరు తెరిచి.

"ఎంబ్రిక్, దొంగతనం నేరం కింద..." అంటూ విగ్గో సంకెళ్లు తీశాడు.

"ఆగండి. ముందు అందరికీ అర్థం కావాలి" అని హాల్దిస్ ఓ పీపా ఎక్కింది. "వినండి. రాత్రి ఊరంతా లైఫ్ బాబాయ్ ఇంట్లో సాక్సుల్లో కాఫీ తాగుతోంది. రేవులో చూసే కన్ను లేదు. ఎంబ్రిక్ మధ్యలో లేచాడు. చీకటి నడవలో ఒకే రంగు బూట్లు. కాళ్లకు అందినవి తొడుక్కుని తిన్నగా పడవ కొట్టానికి పోయాడు. అవి షూర్‌వి. ఆఖర్న వెళ్లిన షూర్‌కు మిగిలినవి ఎంబ్రిక్‌వి. అడుగు పెళ్లికొడుకుది, నడిచింది ఇతను. దుంగలు సర్దినప్పుడే అనుకున్నాను, పడవ అంటే ప్రాణమున్న మనిషి చేసిన పని అని. ఏం ఎంబ్రిక్, బూటు వదులుగా ఉందని తోచలేదా?"

"తోచింది. వయసు మీదపడి కాళ్లు చిక్కిపోయాయి కాబోలు అనుకున్నాను" అన్నాడు ఎంబ్రిక్ సిగ్గుగా.

జనం గొల్లున నవ్వి, ఆ నవ్వు మధ్యలో ఉన్నట్టుండి ఆగి, ఎవరి కాళ్లు వాళ్లు చూసుకున్నారు. రాత్రి కాఫీకి వెళ్లినవాళ్లే అందరూ. బెరిత్ తన కుడి బూటు తిప్పి చూసి, "ఇది నాది కాదు!" అంది. ఇంకెవరో "అదా, అది నాది, ఇలా ఇవ్వు!" అన్నారు. విగ్గో కూడా రహస్యంగా వంగి చూసుకున్నాడు. కాళ్లకున్నవి ఆయనవే అని తేలింది. తలమీది సంగతి ఇంకా తేలాల్సే ఉంది.

"బూటు సంగతి సరే, బోటు సంగతి?" అన్నాడు విగ్గో. "అడక్కుండా తీసుకెళ్లాడు. దాన్నే దొంగతనమంటారు."

ఎంబ్రిక్ లైఫ్ వైపు చూడలేదు. "హాల్దిస్, ఆయనకు చెప్పు. ఎనిమిదేళ్ల కిందటే చెప్పాను, అడుగు పలక పుచ్చిపోతోంది మార్చాలని. మా తాత కట్టిన బోటుకు పుచ్చా, పుచ్చింది నీ కన్ను అన్నాడు. ఆరోజు నుంచీ మాటల్లేవు."

ఊరంతా నోరు తెరిచింది. కంచె కాదు, గొర్రెపోతు కాదు. ఇదా!

"హాల్దిస్, వినబడిందని చెప్పు" అన్నాడు లైఫ్.

"హాల్దిస్, ఇదీ చెప్పు. రేపు అందులో ఎక్కేది ఆయన కాదు, పిల్ల. తెడ్డు పట్టేది ఈత కూడా సరిగా రాని ఈ కుర్రాడు. అడిగితే ఇవ్వడు. మాటే లేనప్పుడు ఎలా అడగను? పెళ్లివేళకు తెచ్చి పెట్టేసేవాణ్ణి." ఎంబ్రిక్ పాత పలక తీసి హాల్దిస్ చేతికిచ్చాడు. ఆమె లైఫ్ చేతికిచ్చింది.

పైకి పలక నున్నగా, రంగు వేసి, బాగానే ఉంది. లైఫ్ బొటనవేలితో నొక్కాడు. వేలు అటువైపు బయటికొచ్చింది. సున్నివ షూర్ చెయ్యి గట్టిగా పట్టుకుంది. నీళ్ల మధ్యలో ఆ పలక ఏం చేసేదో వివరించక్కర్లేదు. గజ ఈతగాళ్లు నమలడం ఆపేశారు.

"ఫిర్యాదు ఇస్తున్నావా, లేదా?" అన్నాడు విగ్గో. "ఒక్క మాట చెప్పు, తీసుకుపోతాను."

లైఫ్ వేలు పలకలోంచి మెల్లగా లాగాడు. "హాల్దిస్, ఆయన్ని అడుగు..." అని మొదలుపెట్టి, ఆగాడు. గొంతు సవరించుకుని ఎంబ్రిక్ వైపు తిరిగాడు.

"మేకులు రాగివేనా?"

ఎంబ్రిక్ చేతిలో సుత్తి జారబోయింది. "కాక, ఇనుపవి కొడతానా నీ బోటుకి?"

"తారు రేపటికి ఆరుతుందా?"

"ఇక్కడ ఆరదు. నా షెడ్డుకి కొండ అడ్డం, ఎండ సాయంత్రం గానీ రాదు."

"నా పెరట్లోకి పొద్దున్నే వస్తుంది. అక్కడికి పట్టుకురా."

"ఒక్కణ్ణే ఎలా మొయ్యను?"

లైఫ్ విగ్గో వైపు తిరిగాడు. "ఇన్‌స్పెక్టర్ గారూ, ముగ్గురు గట్టివాళ్లను ఊరికే తెచ్చారని ఎవరన్నారు? మీరు ఆ ముందు కొస పట్టండి. పెళ్లి భోజనం చేసి వెళ్దురు గాని."

విగ్గో సంకెళ్లు చూశాడు, బోటు చూశాడు, బెరిత్ చేతిలో ఆవిర్లు కక్కుతున్న వాఫిళ్ల పళ్లెం చూశాడు. సంకెళ్లు జేబులో పెట్టి కొస పట్టాడు.

బోటు జనం భుజాల మీద లేచింది. లైఫ్ అందరికంటే వెనక, ఎంబ్రిక్ పక్కన భుజం కలిపి నడిచాడు. వాగు దాటాక అన్నాడు:

"నాలుగు తెడ్ల బోటు ఇది. ఈ శూరుడికి రెండే ఎక్కువ. రేపు ముందు జత నువ్వు పట్టుకో."

ఎంబ్రిక్ బోటును భుజం మీద సర్దుకున్నాడు. తర్వాత, ముందు నడుస్తున్న హాల్దిస్ వీపు చూస్తూ, "హాల్దిస్, ఆయనకు చెప్పు, వస్తానని" అన్నాడు.

"నాకు వినబడిందిలే" అన్నాడు లైఫ్.